కిరాయివాళ్లతో గొడవలు తగ్గాలంటే ముందు ఓనరుతో మాట్లాడుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమెరికాలోని డాలస్‌లో ఉండే మీ మేనమామ గారి ఇల్లు హైదరాబాద్ నిజాంపేటలో మీరు చూసుకుంటున్నారు. గ్రౌండ్ మీద నాలుగు అంతస్తులు, తొమ్మిది పోర్షన్లు. ఏడాదిలో నాలుగు కుటుంబాలు ఖాళీ చేశాయి. ఇప్పుడు రెండో అంతస్తు వాళ్లు ఖాళీ చేస్తున్నారు, అడ్వాన్సులో పెయింటింగ్ కింద నెల కిరాయి కోసినందుకు గొడవ పడుతున్నారు. మెత్తగా ఉంటే నెత్తికెక్కుతున్నారు, గట్టిగా ఉంటే వెళ్లిపోతున్నారు, ఎలా ఉండాలి అని అడిగారు. కిరాయి ఆలస్యం చేసేవాళ్లతో ఏం చేయాలనీ అడిగారు.

నేను పదిహేడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట, ప్రగతినగర్ వైపు, విదేశాల్లో ఉండేవాళ్ల ఇళ్లు చూసుకుంటాను. అరవై పైచిలుకు పోర్షన్లు ఇప్పుడు నా చేతిలో ఉన్నాయి. నా అనుభవంలో మెత్తగా ఉండాలా గట్టిగా ఉండాలా అన్నది రెండో సంగతి. కిరాయివాళ్లు ఏదైనా అడిగినప్పుడు "సరే, చేయిస్తాను" అనే అధికారం మీకుందా లేదా అన్నది మొదటిది. మీ ఉత్తరంలో ఐదు చోట్ల "మామయ్యని అడిగి చెప్తానన్నాను" అని రాశారు. మీ కష్టానికి మూలం అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

ఒక ఉదాహరణ చెప్తాను. శుక్రవారం సాయంత్రం మోటారు కాలిపోతుంది. మీరు ఫోన్ చేసేసరికి అక్కడ తెల్లవారుజాము. వాళ్లు లేచి మెసేజ్ చూసేసరికి ఇక్కడ రాత్రి. "వైండింగ్ చేయిస్తే ఎంత, కొత్తది ఎంత, ఇంకో ఇద్దరిని కనుక్కో" అంటారు. శనివారం గడిచిపోతుంది. ఆదివారం మెకానిక్ దొరకడు. సోమవారం మధ్యాహ్నానికి నీళ్లొస్తాయి. ఆ మూడు రోజులూ నాలుగో అంతస్తులో ఉండే పెద్దావిడ బకెట్లతో నీళ్లు మోయించుకుంటుంది. మీరు ఎంత మర్యాదగా మాట్లాడినా ఆ బకెట్లు ఆమెకు గుర్తుంటాయి. అందులో మీ తప్పేమీ లేకపోయినా ఆమెకు కనిపించేది మీరే.

అందుకని నేను ఏ ఇల్లు తీసుకున్నా ముందే ఓనరుతో మూడు విషయాలు రాతలో పెట్టుకుంటాను. రూ.5,000 దాకా అయ్యే రిపేరు నేను అడగకుండా చేయిస్తాను, బిల్లు ఫొటో పంపిస్తాను. నీళ్లు, కరెంటు షార్టు, డ్రైనేజీ పొంగడం, తాళం పడిపోవడం లాంటివైతే ఖర్చెంతైనా ఫోన్ చేస్తాను, ఆరు గంటల్లో జవాబు రాకపోతే నాకు సబబనిపించింది చేయిస్తాను. ఇంటికి ఇంత అని కొంత డబ్బు ఎప్పుడూ నా దగ్గర నిల్వ ఉండాలి. మీరు ఒక వాట్సాప్ మెసేజ్‌లో పెట్టుకున్నా చాలు. మేనమామే కదా అని మొహమాటపడకండి. చుట్టాల మధ్యే ఇది ముందు తేలాలి. అగ్రిమెంట్ల మీద ఆయన తరఫున మీరే సంతకం పెడుతుంటే మాత్రం పవర్ ఆఫ్ అటార్నీ తప్పనిసరి. అక్కడ రాయించి పంపిన కాగితానికి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఇప్పుడు అడ్వాన్సు సంగతి. మన దగ్గర తగాదాల్లో చేదు ఎక్కువ మిగిల్చేది ఇదే.

హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల కిరాయి అడ్వాన్సు తీసుకుంటారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల కోసుకోవడం ఒక అలవాటుగా మారిపోయింది. పది నెలలు ఉన్నవాళ్లకూ అంతే, ఆరేళ్లు ఉన్నవాళ్లకూ అంతే. నాకిది ఎన్నడూ న్యాయంగా అనిపించలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కూడా మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మినహాయించే, తీసుకున్న స్థితిలో ఇల్లు అప్పగించాలని చెప్తుంది. ఆరేళ్లకు గోడ రంగు వెలిసిపోవడం వాడకమే. పిల్లాడు గోడ నిండా స్కెచ్ పెన్నుతో గీయడం వాడకం కాదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలో గోడలకు సున్నాలు, తలుపులకు, కిటికీలకు రంగులు ఓనరు బాధ్యత కిందే పెట్టారు, నివాసపు ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలు దాటకూడదన్నారు. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. అయినా ఏది సబబో తేల్చుకోవడానికి నాకు బాగా పనికొచ్చింది.

నేను పెట్టుకున్న లెక్క ఇది. ఏడాదిలోపు ఖాళీ చేస్తే రంగు ఖర్చు కిరాయివాళ్లది. మూడేళ్లు దాటితే పూర్తిగా ఓనరుది. మధ్యలో అయితే సగం సగం. ఖర్చంటే నిజంగా అయిన ఖర్చు, పెయింటర్ ఇచ్చిన చీటీ ప్రకారం. నెల కిరాయి అని గుండుగుత్తగా కొయ్యను. ఈ లెక్కను అగ్రిమెంటు మొదటి పేజీలోనే తెలుగులో రాయిస్తాను, తాళాలిచ్చే రోజు నోటితో కూడా చెప్తాను. ఇంగ్లిషులో నాలుగో పేజీలో ఎక్కడో ఉన్న షరతును ఖాళీ చేసే రోజు బయటికి తీస్తే, ఎంత చదువుకున్నవాళ్లకైనా మోసపోయామనే అనిపిస్తుంది.

ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేనే ఒకసారి ఈ తప్పు చేశాను. ఆరేళ్లున్న కుటుంబం, ఒక్క నెల కిరాయి ఆలస్యం చేయలేదు. ఓనరు చెప్పాడని వాళ్ల అడ్వాన్సులో ఒక నెల కోశాను. ఆ ఇంటి పెద్దాయన ఏమీ అనలేదు. తాళాలు నా చేతిలో పెట్టి, "బాబూ, పోయిన దసరాకి మా డబ్బుతోనే కదా రంగులు వేయించుకున్నాం, నువ్వు చూశావుగా" అని వెళ్లిపోయాడు. నిజమే, చూశాను. అదే బిల్డింగులో ఆయన తీసుకొచ్చి పెట్టిన స్నేహితుల కుటుంబాలు రెండున్నాయి. వాళ్లు కూడా ఆర్నెల్లలోపే ఖాళీ చేశారు. డబ్బు నష్టం లెక్కకు అందుతుంది. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

దీనికి మందు ఇల్లు అప్పగించే రోజే ఉంది. సామాను దిగక ముందే, ఆ ఇంటికొచ్చిన వాళ్లను వెంటబెట్టుకుని గదిగదికీ తిరిగి వీడియో తీయండి. గోడల మీద పగుళ్లు, బాత్రూమ్ టైల్స్, కుళాయిలు, ఫ్యాన్లు, గీజరు, తలుపుల గడియలు, కరెంటు మీటరు రీడింగు. వీడియో వాళ్లకే పంపించి, "వారం రోజుల్లో మీ కంటికి ఇంకేమైనా కనిపిస్తే ఇందులోనే పెట్టండి" అనండి. ఈ చివరి మాట ముఖ్యం. ఇంట్లో దిగాక గానీ గీజరు నీళ్లు వేడెక్కట్లేదని, వర్షం వస్తే కిటికీ పక్క గోడ చెమ్మగిల్లుతుందని తెలియదు. పాలు పొంగించుకుంటున్న రోజున ఆ ఇంటి ఇల్లాలికి అవన్నీ చూసే తీరిక ఉండదు.

కరెంటు మీటర్ల గురించి మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను, తొమ్మిది పోర్షన్లకూ తొమ్మిది మీటర్లున్నాయా? మన వైపు పెంట్‌హౌస్‌కో, గ్రౌండ్‌లో ఉన్న చిన్న పోర్షన్‌కో పక్కవాళ్ల మీటరు నుంచే లైను ఇచ్చి సబ్ మీటరు పెట్టేస్తారు. ఇళ్ల కరెంటుకు యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు రేటు పెరుగుతుంది. ఇద్దరి వాడకం ఒకే బిల్లులో పడితే ఇద్దరూ పై స్లాబులోకి వెళ్తారు, తక్కువ వాడినవాళ్లు అన్యాయంగా ఎక్కువ కడతారు. పైగా 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే తెల్లకార్డు కుటుంబాలకు బిల్లు లేదు, కిరాయికి ఉండేవాళ్లకూ అది వర్తిస్తుంది. మీటరు కలిసి ఉంటే 200 దాటిపోయి ఆ కుటుంబం దాన్ని పోగొట్టుకుంటుంది. కొందరు ఓనర్లు కిరాయివాళ్లు ఆ పథకానికి దరఖాస్తు పెడితే ఇల్లు వాళ్ల పేరు మీదికి పోతుందేమోనని భయపడి ఒప్పుకోరు. మీటరు ఓనరు పేరు మీదే ఉంటుంది, ఆ భయం అక్కర్లేదు. వేరే మీటరు పెట్టించండి. పెట్టించేదాకా బిల్లు ఫొటో ఇద్దరికీ పంపించి, యూనిట్ల దామాషాలో పంచండి.

నీళ్లు. మన వైపు ఎండాకాలం బోర్లు అడుగంటుతాయని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఏడూ ఏప్రిల్‌లో కొత్తగా కొట్లాడుకుంటాం. నేను ఫిబ్రవరిలోనే చెప్పేస్తాను. బోరు ఇంత పోస్తోంది, మంచినీళ్లు ఫలానా రోజుల్లో వస్తాయి, ట్యాంకరు తెప్పించాల్సి వస్తే డబ్బు ఇలా పంచుతాం అని. ఎలా పంచాలన్నది వాళ్లనే తేల్చుకోమంటాను. మనిషికి ఇంత అని కొన్ని బిల్డింగుల్లో, పోర్షన్‌కి ఇంత అని కొన్నింట్లో ఒప్పుకున్నారు. ఏదైనా పర్వాలేదు, సంపు ఎండకముందే ఒప్పుకోవాలి. వచ్చిన ప్రతి ట్యాంకరు తేదీ, బిల్లు లిఫ్టు పక్కన గోడ మీద అంటిస్తాను. అలా అంటించడం మొదలుపెట్టాక "మధ్యలో నువ్వెంత తింటున్నావు" అనే చూపు పోయింది. ఆ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ప్లంబర్ దగ్గర, పెయింటర్ దగ్గర కమీషన్ తీసుకోకండి. కిరాయివాళ్ల దగ్గర చేబదులు అడగకండి. వాళ్లకు అన్నీ తెలుస్తాయి, తెలిశాక మీరు ఏం చెప్పినా నమ్మరు.

ఇంట్లోకి వెళ్లడం గురించి. డూప్లికేటు తాళం మీ దగ్గర ఉండటం వేరు, వాడటం వేరు. అగ్గి అంటుకుంటే, పైనుంచి నీళ్లు కారిపోతుంటే తప్ప నేను వాడను. రిపేరుకైనా ఒక రోజు ముందు చెప్తాను, వాళ్లిచ్చిన టైముకే వెళ్తాను. నమూనా చట్టంలోనూ 24 గంటల ముందు చెప్పాలని, పొద్దుపోయాక వెళ్లకూడదని ఉంది. కొత్తవాళ్లకు ఇల్లు చూపించేటప్పుడు మనవాళ్లు ఈ మర్యాద మర్చిపోతారు. టులెట్ బోర్డు పెట్టగానే, లోపల ఉన్నవాళ్లు అన్నం తింటుంటే కూడా మనుషుల్ని తీసుకెళ్లి పడకగది తలుపు తీసి చూపిస్తారు. శని, ఆదివారాల్లో రెండేసి గంటలు వాళ్లనే చెప్పమనండి. ఆ టైములోనే చూపించండి.

ఇక మీరు అడగని విషయం ఒకటి. నాకిది అన్నిటికన్నా ముఖ్యం.

కొన్నేళ్ల క్రితం, సంక్రాంతి ముందు, తెల్లవారుజామున మూడింటికి ఫోన్ వచ్చింది. మూడో అంతస్తులో ఉండే కుర్రాడు. వాళ్ల నాన్న ఆస్పత్రిలో పోయారు. ఏడుస్తూ అడిగాడు, "అన్నా, నాన్నని ఇంటికి తీసుకురావచ్చా?" సొంత తండ్రిని ఇంటికి తీసుకురావడానికి ఒక కొడుకు పరాయివాడిని అనుమతి అడగాల్సి వచ్చింది. ఓనరుకు ఫోన్ చేశాను. గృహప్రవేశం అయి రెండేళ్లే అయింది, అరిష్టం, ఆస్పత్రి నుంచి అటే శ్మశానానికి తీసుకెళ్లమను అన్నారు. అద్దె ఇంట్లోకి రానివ్వక రోడ్డు పక్కన టెంటు కింద శవాన్ని పెట్టుకుని కూర్చున్న కుటుంబాలను నేను చూశాను. వాన పడుతుంటే పట్టా కప్పుకుని కూర్చున్నవాళ్లను కూడా. ఆ రోజు ఓనరుతో ఒకటే చెప్పాను. ఈయన మీ ఇంట్లో నాలుగేళ్లున్నారు, రేపటి నుంచి మీ ఇల్లు నేను చూసుకోవాలంటే ఈయన ఇప్పుడు ఇంటికి రావాలి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కింద పార్కింగ్‌లో ఉంచమనండి అన్నారు.

పొద్దున ఐదింటికల్లా పార్కింగ్‌లో బండ్లన్నీ తీయించాం. మిగతా పోర్షన్ల వాళ్లే చీపుర్లు పట్టుకుని కడిగారు. ఫ్రీజర్ బాక్సుకు కరెంటు లైను లాగించాం, కుర్చీలు వేయించాం, ట్యాంకు నింపించాం. పదకొండు రోజులు చుట్టాలు వస్తూపోతూ ఉన్నారు, ఎన్ని నీళ్లు వాడారని ఎవరూ అడగలేదు. ఆ కుటుంబం ఆ ఇంట్లోనే ఇంకా ఉంది. తర్వాతి వేసవికి ఇండియా వచ్చినప్పుడు ఓనరు వాళ్లింటికెళ్లి కూర్చుని భోంచేసి వెళ్లారు.

అప్పటి నుంచి ఏ ఇల్లు తీసుకున్నా ఓనరును ముందే అడుగుతాను. ఈ ఇంట్లో పుట్టుక జరగొచ్చు, చావు జరగొచ్చు, పెళ్లి జరగొచ్చు, మీకు సమ్మతమేనా అని. కాదంటే ఆ ఇల్లు తీసుకోను. మీ మామయ్య గారిని ఈ వారమే అడగండి. అర్ధరాత్రి మూడింటికి అడగాల్సిన ప్రశ్న కాదది.

కిరాయి ఆలస్యం గురించి మీ ప్రశ్నకు వస్తాను. నాకు ఐదో తేదీ గడువు. ఏడో తేదీదాకా ఏమీ అనను. ఏడున ఫోన్ చేస్తాను, గ్రూపులో పెట్టను. మీరు గ్రూపులో "301 కిరాయి పెండింగ్" అని పెట్టారని రాశారు, దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి. వాళ్ల పిల్లలు పక్కింటి పిల్లలతో ఆడుకుంటారు. జీతం ఆలస్యమైందంటే ఏ తేదీకి ఎంత ఇవ్వగలరో అడిగి ఆ తేదీని వాళ్లకే మెసేజ్ పెడతాను. ఆ తేదీ తప్పితే ఇంకొక తేదీ. రెండు నెలలు పేరుకుని, మాట కూడా నిలవకపోతే రాతలో నోటీసు ఇస్తాను. అగ్రిమెంటులో వేరే ఏమీ లేకపోతే నెలవారీ కిరాయికి 15 రోజుల నోటీసు అని చట్టంలో ఉంది, అగ్రిమెంటులో ఉంటే దాని ప్రకారమే. నీళ్లు ఆపడం, ఫ్యూజు తీసేయడం, తాళం మార్చడం మాత్రం ఎప్పుడూ చేయకండి, మామయ్య చెప్పినా సరే. మెత్తదనమంటే తేదీలు అడగడం, గట్టితనమంటే ఆ తేదీకి గుర్తుపెట్టుకుని ఫోన్ చేయడం. రెండూ ఒకే మనిషి చేయొచ్చు.

కిరాయి పెంచడం. పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోగానే పది శాతం పెంచాల్సిందేనని మామయ్య అంటున్నారన్నారు. ఆయనకు ఈ లెక్క చూపించండి. రూ.15,000 కిరాయి మీద ఐదు శాతం అంటే నెలకు రూ.750, ఏడాదికి రూ.9,000. పది శాతమైతే రూ.18,000. ఆ తేడా కోసం పట్టుబడితే మంచివాళ్లు ఖాళీ చేశారనుకోండి. ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటే పోయేది రూ.15,000, రంగులు, బ్రోకరు వేరే. పైగా ఆషాఢం ముందు ఖాళీ అయితే శ్రావణం దాకా కుటుంబాలు ఇల్లు మారవు, తాళం వేసి కూర్చోవాల్సిందే. బాగా చూసుకునేవాళ్లకు ఐదు శాతం చాలు, రెండు నెలల ముందే చెప్పండి. ఓ ఏడాది అసలు పెంచకపోయినా తప్పులేదు.

మామయ్య అమెరికాలో ఉంటారు కాబట్టి పన్ను సంగతి ఒకటి. ఎన్నారైకి కిరాయి కట్టేవాళ్లు అందులో టీడీఎస్, అంటే ఓనరు పన్నును ముందే కోసి ప్రభుత్వానికి కట్టాలి, మామూలుగా అది 31.2 శాతం. కిరాయి తక్కువైనా సరే. ఇది చాలామందికి తెలియదు, నోటీసు వచ్చాక తెలుస్తుంది, అప్పుడు మీరు దాచారనుకుంటారు. ఓనరు ఎక్కడుంటారో అగ్రిమెంటులోనే రాయండి, మామయ్య గారి ఆడిటర్‌తో ఒకసారి మాట్లాడి పద్ధతి తేల్చుకోండి. జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపు కోసం ఏడాదికి లక్ష దాటి కిరాయి కట్టే ఉద్యోగులు ఓనరు పాన్ నంబరు అడుగుతారు. అది వాళ్ల అవసరం, రసీదుతో పాటు ఇచ్చేయండి.

చుట్టాలెవరొచ్చారు, ఏం వండుకుంటున్నారు, ఎన్నింటికి వచ్చారు, ఇవి మీ పని కాదు. వాచ్‌మన్‌కి కూడా ఆ మాట చెప్పండి.

ఇప్పుడు రెండో అంతస్తు వాళ్ల సంగతి. మీరు రాసినదాన్ని బట్టి వాళ్లు రెండేళ్ల నాలుగు నెలలున్నారు, ఇల్లిచ్చిన రోజు ఫొటోలు లేవు, రంగు షరతు అగ్రిమెంటులో లేదు. ఈ మూడు విన్నాక నెల కిరాయి కోసే హక్కు మీకు లేదనే నేనంటాను. ఈ ఆదివారం వాళ్లున్నప్పుడు పెయింటర్‌ని తీసుకుని వెళ్లండి. పిల్లలు గీసిన హాలు గోడ, విరిగిన బాల్కనీ తలుపు గడియ, ఈ రెండింటికే ఎంతవుతుందో వాళ్ల ముందే రాయించండి. ఆ మొత్తం వాళ్లు సరే అంటేనే కొయ్యండి, మిగతా ఇంటి రంగులు మామయ్య వేయించుకుంటారు. ఆయన్ని ఒప్పించే పని శనివారంలోపు ముగించండి. లారీ వచ్చే రోజు మిగిలిన అడ్వాన్సు అక్కడే ఫోన్‌లో కొట్టేసి, వాళ్ల ఖాతాలో పడిందని చూపించుకున్నాకే తాళాలు తీసుకోండి.